నల్ల అట్టకి పొడిచిన చిల్లులు

(మా ఫిల్మ్ క్లబ్ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా అండీ? సరే. ఆ ఫ్యాను మాత్రం కాస్త తగ్గించండి బాబూ. ఈ నల్ల అట్ట ఎగిరిపోయిందంటే ఇవాళ్టి నా ప్రసంగంలో సగం ఎగిరిపోయినట్టే. ఎందుకు తెచ్చానో తర్వాత చెప్తాను.

నన్ను పిలిచినవాళ్ళు "జపాన్ యానిమే గురించి ఒక గంట మాట్లాడండి" అన్నారు. యానిమే అంటే అక్కడి యానిమేషన్ సినిమాలు, సీరియళ్ళు. ఒక గంటలో తెలుగు సినిమా మొత్తం గురించి మాట్లాడమంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. ఏం చెప్పినా సగం అబద్ధమే అవుతుంది. అందుకని ఒకే ఒక్కదాన్ని పట్టుకుని వచ్చాను. పేరు సైబర్ సిటీ ఓయెడో 808. మూడే భాగాలు, ఒక్కోటీ ముప్పావు గంట లోపు. 1990లో, 91లో వచ్చింది. థియేటర్లో కాదు, టీవీలో కాదు, నేరుగా వీడియో మీద వచ్చింది. తీసింది మ్యాడ్‌హౌస్ అనే స్టూడియో. దర్శకుడు యోషియాకి కవాజిరి. ఇక్కడ ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ఇద్దరు! మంచిది. ఆ ఇద్దరూ నేను తప్పు చెబితే పట్టుకోండి. మిగతావాళ్ళ దగ్గర నాకే భయమూ లేదు.

నేను విమర్శకుణ్ణి కాను. 1999 నుంచి కొన్నేళ్ళు ఇక్కడే హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ కంపెనీలో ఇన్‌బిట్వీనర్‌గా పనిచేశాను. అంటే ఏంటంటే, అక్కడెవరో పెద్దాయన చెయ్యి కింద ఉన్న బొమ్మ ఒకటి, పైకెత్తిన బొమ్మ ఒకటి గీసి పంపిస్తాడు. ఆ రెంటికీ మధ్య బొమ్మలన్నీ నేను గీయాలి. ఎవరి కార్టూనో, ఏ దేశానిదో కూడా సరిగ్గా తెలిసేది కాదు. లైట్ బాక్సు మీద కాగితం, కింద బల్బు వేడి, సాయంత్రానికి కళ్ళు మండేవి. ఆ రోజుల్లో మా సీనియర్ ఒకాయన రంగు వెలిసిపోయిన ఒక క్యాసెట్ తెచ్చాడు. ఎన్నో కాపీకి కాపీయో అది! లంచ్ టైములో చూపించి, "ఒరే, మీరంతా చెయ్యి కదిలించడం నేర్చుకుంటున్నారు. వీడు కదిలించకుండా ఎలా ఉండాలో చూపిస్తున్నాడు, చూడండి" అన్నాడు. ఆ వీడే కవాజిరి. ఆ క్యాసెట్టే ఇది.

కథ చెప్తాను. మూడు కథలు పూర్తిగా చెప్పను, మీ సరదా పాడుచెయ్యను. 2808వ సంవత్సరం. ఓయెడో అనే మహానగరం. అంతా కంప్యూటర్ల మీద నడుస్తుంది కాబట్టి నేరాలూ అక్కడే. నేరస్తుల బుర్ర పోలీసులకి అందటం లేదు. అప్పుడు హసెగావా అనే పోలీసు అధికారి ఒక పని చేస్తాడు. భూమి చుట్టూ తిరిగే జైల్లో మూడొందల ఏళ్ళ పైచిలుకు శిక్షలు పడి ఉన్న ముగ్గురిని బయటికి తీస్తాడు. సెన్‌గోకు, గోగోల్, బెంటెన్. మెడకి ఒక్కో పట్టీ వేస్తాడు. పట్టీలో బాంబు. ఇచ్చిన గడువులో పని పూర్తి చెయ్యకపోయినా, పారిపోవాలని చూసినా అది పేలుతుంది. పని చేస్తే శిక్షలో కొన్నేళ్ళు తగ్గిస్తారు.

కొన్నేళ్ళు! మూడొందల పైచిలుకులోంచి కొన్నేళ్ళు తీసేస్తే ఎంతండీ? మళ్ళీ దాదాపు మూడొందలే కదా. అయినా వీళ్ళు చేస్తారు. ఎందుకు చేస్తారు? జైల్లో కిటికీలోంచి చుక్కలు చూడటం కంటే, మెడలో బాంబుతోనైనా వీధిలో నడవటం నయం కాబట్టి. ఇలాంటి నేర కథల్నే నువార్ అంటారు. నువార్ అంటే ఏంటని నన్నెవరైనా అడిగితే నేను ఈ లెక్కే చెప్తాను. 1946లో ఫ్రాన్సులో విమర్శకులు, యుద్ధం అయిపోయాక ఒక్కసారిగా వచ్చిపడ్డ అమెరికా క్రైమ్ సినిమాలు చూసి, ఇవేంటి ఇంత నల్లగా ఉన్నాయని పెట్టిన పేరది. నువార్ అంటే ఫ్రెంచిలో నలుపు. వాన, నియాన్ లైట్లు, సిగరెట్ పొగ, ఇవన్నీ పైపై సరంజామా. లోపల ఉన్నది ఈ తీసివేత లెక్క. హీరో కేసు గెలుస్తాడు, కాని ఆయన బతుకు మారదు. క్లైమాక్స్ అయ్యాక మన హీరో పెళ్ళి పీటల మీద కూర్చుంటాడు. వీడు మళ్ళీ అదే పట్టీతో, అదే వీధిలో నిలబడతాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీని గురించి ఎవరితో మాట్లాడినా ఒకటే మాట అంటారు: "ఆఁ, అది బ్లేడ్ రన్నర్‌కి కాపీ కదా." 1982 నాటి ఆ అమెరికన్ సినిమా ప్రభావం లేదని నేను అనను. ఆ తర్వాత పదేళ్ళు భవిష్యత్తు నగరం గీసిన ప్రతివాడి చేతి మీదా దాని నీడ పడింది. కాని "కాపీ" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఒకటి కనబడకుండా పోతుంది. ఈ నగరానికి ఆ పేరెందుకు పెట్టారు? ఓయెడో. అంటే మహా ఎడో. ఎడో అంటే టోక్యోకి 1868 ముందున్న పేరు. మరి 808? అది కంప్యూటర్ నంబరేం కాదండీ. పాత ఎడో నగరాన్ని "ఎనిమిది వందల ఎనిమిది పేటల ఊరు" అనేవాళ్ళు. నిజంగా 808 పేటలున్నాయా? లేవు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకి లెక్క 1,600 దాటింది. 808 అంటే "లెక్కపెట్టలేనన్ని" అని అర్థం. మనం నూటొక్క పనులున్నాయి అంటాం, నిజంగా లెక్కపెట్టి అంటామా? అలాగన్నమాట. అందుకే సంవత్సరం కూడా 2808.

అంటే సినిమా పేరులోనే వాళ్ళు చెప్పేశారు: ఇది భవిష్యత్తు కాదు, మా పాత ఊరే, దీపాలు మార్చాం అంతే అని.

ఈ దారం పట్టుకుని లాగుదాం. ఎడోలో జనం పది లక్షలు, అందులో సగం మామూలు పట్నవాసులు. మరి వాళ్ళకి పోలీసులు ఎంతమంది? మేజిస్ట్రేట్ ఆఫీసులు రెండు, ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి. ఒక్కోదాని కింద యోరికి అనే అధికారులు పాతిక మంది. వాళ్ళ కింద దోషిన్ అనేవాళ్ళు నూరు మంది చిల్లర. రెండూ కలిపి ఎంత? మూడొందల లోపే. అందులోనూ వీధుల్లో తిరిగేవాళ్ళు కొద్దిమంది, మిగతావాళ్ళంతా కాగితాల పని. ఐదు లక్షల మందికి ఈ లెక్కన పోలీసులు ఎలా సరిపోతారు? సరిపోరు. అందుకని దోషిన్‌లు సొంత డబ్బు ఇచ్చి మనుషుల్ని పెట్టుకునేవాళ్ళు. వాళ్ళని ఒకప్పికి అనేవారు. ఎవరు వాళ్ళు? చాలామంది మాజీ దొంగలు, జూదరులు. దొంగ తిరిగే చోటు దొంగకే తెలుస్తుంది. వీళ్ళు జనాన్ని బెదిరించి డబ్బు గుంజుతున్నారని ప్రభుత్వం మళ్ళీ మళ్ళీ నిషేధించింది. నిషేధం మళ్ళీ మళ్ళీ పెట్టారంటే అర్థమేంటి? ఒక్కసారీ పనిచెయ్యలేదని. వీళ్ళు లేకపోతే పని జరగదు మరి.

ఖైదీలని పోలీసులుగా వాడుకోవడం సైన్స్ ఫిక్షన్ రచయితకి తట్టిన కొత్త ఐడియా ఏమీ కాదండీ. ఎడోలో అది రోజువారీ వ్యవహారం.

ఇంకా ఉంది. సినిమాలో పోలీసు అధికారి పేరు హసెగావా అన్నాను కదా. చరిత్రలో ఒక హసెగావా ఉన్నాడు. హసెగావా హెయ్‌జో. 1745లో పుట్టి 1795లో పోయాడు. నిప్పంటించేవాళ్ళని, దోపిడీదొంగల్ని పట్టుకునే ప్రత్యేక దళానికి అధిపతి. చెక్కతో కట్టిన ఊరు కాబట్టి అక్కడ నిప్పు పెట్టడం హత్య కంటే పెద్ద నేరం. ఈయన కూడా మాజీ నేరస్తుల్నే వేగులుగా వాడుకున్నాడు. అంతేకాదు, 1790లో సుమిదా నది సముద్రంలో కలిసే చోట ఇషికావాజిమా అనే దీవి మీద ఒక శిబిరం పెట్టించాడు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళనీ, చిల్లర నేరాలు చేసినవాళ్ళనీ అక్కడ ఉంచి వడ్రంగమో మరో చేతిపనో నేర్పి బయటికి పంపేవాళ్ళు. జపాన్‌లో ఈయన పేరు తెలియనివాళ్ళు తక్కువ. నవలలు, టీవీ సీరియళ్ళు బోలెడు వచ్చాయి. ఇప్పుడు చెప్పండి, 1990లో ఒక రచయిత, అకినోరి ఎండో, ఖైదీలతో పని చేయించుకునే అధికారికి హసెగావా అని ఊరికే పెట్టి ఉంటాడా? దీవి పోయి ఆకాశంలో జైలొచ్చింది. శిబిరానికి అప్పటికి సరిగ్గా రెండొందల ఏళ్ళు. ఈ సంవత్సరాల లెక్క మాత్రం కాకతాళీయమే కావచ్చు, నేను పట్టుబట్టను.

సెన్‌గోకు చేతిలో ఆయుధం చూడండి, సినిమా వేసినప్పుడు గమనించండి. తుపాకీ ఉంటుంది సరే. కాని దగ్గరకొచ్చి కొట్టాల్సి వస్తే తీసేది జిత్తె. మూరెడు ఇనుప కడ్డీ, పిడి దగ్గర ఒక కొక్కెం. ఎడో పోలీసుల చేతి గుర్తు అది. అవతలివాడి కత్తిని ఆ కొక్కెంలో ఇరికించి మెలిపెట్టాలి. చంపడానికి కాదు, పట్టుకోవడానికి చేసిన వస్తువు. మెడలో బాంబు ఉన్న ఖైదీ చేతిలో ఆ పోలీసు గుర్తు పెట్టారు చూడండి, ఆ వెటకారం జపాన్ ప్రేక్షకుడికి వెంటనే అందుతుంది. మనకి ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే నేనొచ్చాను, చాయ్ తాగి పోదామని కాదు.

ఇక బెంటెన్. నాకు బాగా ఇష్టమైనవాడు. తెల్లటి పొడుగు జుట్టు, ముఖానికి అలంకారం, ఆడో మగో ఒక పట్టాన తేలదు. చేతిలో కత్తీ లేదు, తుపాకీ లేదు. కంటికి కనబడనంత సన్నటి తీగ. బెంటెన్ అనే పేరు ఎవరిదో తెలుసా? మీకు తెలిసిన ఆవిడే. సరస్వతీ దేవి! మన సరస్వతి బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ వెళ్ళి బెంజైటెన్ అయింది. వాడుకలో బెంటెన్. వీణ బదులు చేతిలో బివా అనే తంత్రీ వాద్యం ఉంటుంది. నీళ్ళున్న చోటల్లా ఆవిడ గుడి ఉంటుంది. నది పేరున్న దేవత కదా, అక్కడికి వెళ్ళినా నీళ్ళని వదల్లేదు.

సరస్వతి పేరు ఒక ఖైదీకి ఎలా వచ్చింది? దానికి 1862కి వెళ్ళాలి. ఆ ఏడాది ఎడోలో ఒక కబుకి నాటకం మొదటిసారి ఆడారు. కబుకి అంటే జపాన్ సంప్రదాయ రంగస్థలం. రాసింది మోకుఆమి. అందులో ఐదుగురు దొంగలు. వాళ్ళలో ఒకడు బెంటెన్ కోజో, ఎనోషిమా అనే దీవిలో పెరిగినవాడు. ఆ దీవి బెంటెన్ గుడికి పేరు. ఈ సీను కాస్త వినండి. ఒక బట్టల కొట్టు. సమురాయ్ ఇంటి అమ్మాయి పెళ్ళి బట్టలు కొనడానికి నౌకరుతో వస్తుంది. సిగ్గు, మొహమాటం, తల దించుకునే మాట్లాడుతుంది. చూస్తూ చూస్తూ ఒక గుడ్డ ముక్క రొమ్ములో దోపుకుంటుంది. కొట్టు గుమస్తాలు చూసి పట్టుకుంటారు, గొడవలో నుదుటి మీద దెబ్బ తగులుతుంది. తీరా చూస్తే ఆ ముక్క వేరే కొట్లో కొన్నదని రుజువవుతుంది. అమ్మో, సమురాయ్ పిల్లని దొంగ అని కొట్టామే! నౌకరు వంద ర్యోలు, అంటే అప్పటి బంగారు నాణేలు, ఇస్తేనే గాని ఊరుకోనంటాడు. ఇచ్చేస్తుంటే లోపల్నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, "నువ్వు ఆడదానివి కాదు, చేతి మీద చెర్రీ పూల పచ్చబొట్టు కనబడింది" అంటాడు.

అప్పుడేం చేస్తాడనుకున్నారు? పారిపోతాడా? పారిపోడు. ఆ ఖరీదైన కిమోనో భుజం మీద నుంచి జార్చి, బాసింపట్టు వేసుకుని కూర్చుని, పొగగొట్టం తీసి, "తెలియదా, అయితే చెప్తా వినండి" అని తన పుట్టుపూర్వోత్తరాలన్నీ ఛందస్సులో చెప్పుకుంటాడు. జనం టికెట్ కొనేది దానికోసమే. మన నాటకాల్లో పద్యం కోసం కాచుకుని కూర్చుని "వన్స్ మోర్" అనేవాళ్ళే, అచ్చం అలాగే.

ఆ బెంటెనే ఈ బెంటెన్. ఆడవేషం వేసే దొంగ. ఆ తీగకి కూడా జపాన్ జనానికి తెలిసిన చుట్టరికం ఉంది: 80లలో వాళ్ళ టీవీ చారిత్రక సీరియళ్ళలో షామిసెన్ వాద్యం తీగతో ప్రాణం తీసే హంతకుడు ఉండేవాడు. వాద్యం తీగ, తంత్రీ వాద్యం పట్టుకున్న దేవత, ఆవిడ పేరున్న ఖైదీ... ఇక్కడ నేను అతిగా ఊహిస్తున్నానేమో. ఊహించనివ్వండి, ముచ్చటగా ఉంది.

మా సీనియర్ "కదిలించకుండా ఉండటం" అన్నాడే, దానికి వస్తాను. కబుకిలో మియె అని ఉంటుంది. ఉద్రేకం పతాక స్థాయికి వచ్చినప్పుడు నటుడు ఒక్కసారి బిగుసుకుపోతాడు. చెయ్యి ఒక కోణంలో, తల ఒక్క విదిలింపు విదిలించి, మెల్లకన్ను వేసి, శిల్పంలా. పక్కన చెక్కలతో నేల మీద పెట్టిన పలక మీద టపటపా కొడతారు. కథ ఆగిపోతుంది, జనం ఆ బొమ్మని తాగేస్తారు. కవాజిరి ఫైట్లు అలాగే ఉంటాయి. చాలాసేపు ఎవరూ కదలరు. గాలికి జుట్టు కదులుతుంది, అంతే. మీకు టెన్షన్ పెరిగిపోతుంది. తర్వాత అర సెకను కంటే తక్కువలో, ఒక మెరుపు, అయిపోయింది. మళ్ళీ నిశ్శబ్దం. ఎవరు చచ్చారో తెలియడానికి రెండు సెకన్లు పడుతుంది.

యానిమేటర్‌గా చెప్తున్నాను, ఇందులో పేదరికం కూడా ఉంది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. జపాన్ టీవీలో ఒక్కో బొమ్మని మూడేసి ఫ్రేములు నిలిపేవాళ్ళు, అంటే సెకనుకి ఎనిమిది బొమ్మలు. డబ్బు లేక. బొమ్మల కథలతో పేరు తెచ్చుకున్న ఒసాము తెజుకా 1961లో పెట్టిన ముషి ప్రొడక్షన్ ఆ దారి వేసింది. కవాజిరి 1950లో పుట్టాడు, ఆ స్టూడియోలోనే పని నేర్చుకున్నాడు. అది మునిగిపోతున్న రోజుల్లో, 1972లో, మసావో మారుయామా, ఒసాము దెజాకి, రింతారో, కవాజిరి కలిసి మ్యాడ్‌హౌస్ పెట్టారు. బొమ్మలు తక్కువ ఉంటే ఏం చెయ్యాలి? ఎక్కడ నిలపాలో తెలియాలి. దెజాకి మంచి ఘట్టంలో సీనుని ఆపేసి, రంగులద్దిన నిశ్చల చిత్రంగా మార్చేసేవాడు. మా కంపెనీలో ఇదే పని నేను చేసి ఉంటే "కదల్లేదేంటి, మళ్ళీ గియ్యి" అని తిట్టి పంపేవాళ్ళు. ఆ కొన్నేళ్ళలో నేను గీసినవన్నీ కదిలేవే. ఒక్కటీ గుర్తులేదు.

ఇప్పుడు క్యాసెట్ సంగతి. వీడియో మీద రావడమేంటి, థియేటర్ దొరకని సినిమానా అని మనకి అనిపిస్తుంది. మనకి వీడియో అంటే గుర్తొచ్చేది ఏంటి? 80లలో వీసీఆర్ అద్దెకి తెచ్చేవాళ్ళం. గుర్తుందా అండీ, ముందు వరసలో నా వయసువాళ్ళు నవ్వుతున్నారు. రిక్షాలో టీవీతో సహా వచ్చేది. మూడు క్యాసెట్లు, తెల్లారేలోపు ఇచ్చేయాలి కాబట్టి రాత్రంతా మూడు సినిమాలు. వీధి వీధంతా చాపలు వేసుకుని మా వరండాలో. మధ్యలో కరెంటు పోతే అద్దె పోయినట్టే. మనకి అది పెద్ద తెర సినిమాని ఇంటికి తెచ్చుకోవడం. జపాన్‌లో ఇంకోటి జరిగింది. 1975లో సోనీ బీటామాక్స్, 1976లో జేవీసీ వీహెచ్ఎస్ వచ్చాయి. 80లు వచ్చేసరికి ఇంటింటా మిషను. అప్పుడొకరికి తట్టింది: టీవీకీ థియేటర్‌కీ సంబంధం లేకుండా, క్యాసెట్ కోసమే కొత్తగా తీస్తే? 1983 డిసెంబరులో డల్లోస్ అని మొదటిది వచ్చింది, అందులో దర్శకుడు మమోరు ఓషీ చెయ్యి ఉంది. 1985లో మెగాజోన్ 23 బాగా అమ్ముడుపోయింది. ఇక వరద.

ఎందుకు వరద? టీవీలో యానిమేకి డబ్బు పెట్టేది ఎక్కువగా పిల్లల ఆటబొమ్మల కంపెనీ. రోబో ఉండాలి, దాని రెక్కలు విప్పుకోవాలి, వచ్చే వారం కొత్త ఆయుధం రావాలి, పిల్లలు కొనాలి. మెడలో బాంబున్న ఖైదీ బొమ్మని ఏ తల్లి కొంటుంది? క్యాసెట్‌కి ఆ గొడవ లేదు. ఒక్కో క్యాసెట్ పదివేల యెన్‌లకి అటూ ఇటూగా ఉండేది. 1988లో ప్యాట్‌లేబర్ అనే సిరీస్ క్యాసెట్‌ని 4,800 యెన్‌లకే ఇస్తే అది విశేషమైంది. అంత పెట్టి కొనేది పెద్దవాళ్ళు, లేదా అద్దె షాపులు. పెద్దవాళ్ళకి పెద్దవాళ్ళ కథ. 1989లో తొయెయ్ అనే సినిమా కంపెనీ మనుషులతో తీసే క్రైమ్ సినిమాలు కూడా నేరుగా వీడియోకి తియ్యడం మొదలుపెట్టింది, వి-సినిమా అని పేరు పెట్టి. అదే ఏడాది కవాజిరి కూడా టోక్యో రాత్రుళ్ళలో తిరిగే డిటెక్టివ్ కథ ఒకటి వీడియోకి చేశాడు.

ఈ స్వేచ్ఛని అందరూ మంచికే వాడారని నేను అనను. అడిగేవాడు లేడు కదా అని చాలా చెత్త తీశారు. ఆడవాళ్ళ మీద దౌర్జన్యాన్ని సరుకు చేసి అమ్మినవి లెక్కలేనన్ని, పేరున్నవాటిలో కూడా. కవాజిరి సొంత సినిమాల్లోనూ నాకు నచ్చని సీన్లున్నాయి. ఈ మూడు భాగాలు ఆ రోగం నుంచి చాలావరకు తప్పించుకున్నాయి. ఇవాళ ఇక్కడ వెయ్యడానికి దీన్ని ఎంచుకున్నదీ అందుకే.

సరే, అట్ట. ఈ ట్యూబ్ లైటు ఒక్క నిమిషం ఆర్పుతారా? బాబూ, నీ ఫోనులో టార్చి వెయ్యి. ఇక్కడ ఈ బటర్ పేపర్ వెనక పట్టుకో. కదపకు. ఇప్పుడు నేను ఈ నల్ల అట్ట ముందు పెడుతున్నాను. చూడండి.

నగరం కనబడుతోందా?

ఏం లేదండీ. నిన్న రాత్రి సూదితో చిల్లులు పొడిచాను. వరసగా పొడిస్తే భవనం, అడ్డదిడ్డంగా పొడిస్తే దూరంగా ఉన్న వాడ. ఎర్ర జిలుగు కాగితం వెనక పెడితే అదిగో, నియాన్ బోర్డు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆ మెరుపంతా ఇలాగే చేశారు. జపాన్‌లో దీన్ని తోకాకో అంటారు, అంటే లోపల్నుంచి దూరి వచ్చే వెలుగు. ముందు బొమ్మని మామూలుగా పై లైట్లతో ఫ్రేము ఫ్రేము తీస్తారు. తర్వాత కెమెరాలో ఫిల్ముని వెనక్కి తిప్పుతారు. పై లైట్లన్నీ ఆర్పి, చిల్లులున్న నల్ల మాస్కు పెట్టి, కింద నుంచి లైటు వేసి, అదే ఫిల్ము మీద రెండోసారి తీస్తారు. కెమెరా ముందు ఒక మసక ఫిల్టరు పెడితే ఆ వెలుగు చుట్టూ వ్యాపిస్తుంది, వాన తడిలో దీపంలా. రంగుతో వేసిన వెలుగు కాదది, ఫిల్ముకి నిజంగా తగిలిన వెలుగు. అందుకే కళ్ళల్లో గుచ్చుకుంటుంది. మాస్కు వెంట్రుకవాసి పక్కకి జరిగితే దీపం గోడ మీదకి పోతుంది, మొత్తం మళ్ళీ తియ్యాలి. బాబూ, చెయ్యి నొప్పి పుడుతోందా? దించు, థాంక్స్. లైటు వెయ్యండి. అట్టని మీ వరసల్లోకి పంపిస్తున్నాను, ఇంకో చిల్లు పొడవకుండా తిరిగివ్వండి.

మొదటి భాగం గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. అది ఒక ఆకాశహర్మ్యం కథ. ఆ భవనం కంప్యూటరు ఎవరి చేతుల్లోకో పోతుంది, లోపల జనం ఇరుక్కుపోతారు. తవ్వితే బయటపడేది ఒక పాత హత్య. ఇంతకంటే చెప్పను. ఇది వచ్చింది 1990 వేసవిలో. అంతకు ఆరు నెలల ముందు, 1989 డిసెంబరు 29న, టోక్యో షేర్ల సూచీ 38,915 దగ్గర ముగిసింది, 2024 దాకా అదే శిఖరం. 1990 అక్టోబరు మొదటికి దాదాపు సగానికి పడిపోయింది. స్థలాల ధరలు ఇంకా ఆకాశంలోనే ఉన్నాయి. టోక్యోలోని షింజుకులో కెంజో టాంగే అనే ఆర్కిటెక్ట్ గీసిన 243 మీటర్ల మెట్రోపాలిటన్ ప్రభుత్వ భవనం ఆ ఏడాది చివరికి పూర్తయింది. జనం రోజూ తల ఎత్తి చూసేది వాటినే. అలాంటి రోజుల్లో ఒకాయన, ఈ ఎత్తు మేడల పునాదుల్లో ఎవరున్నారో చూడండి అని ఒక క్యాసెట్ అమ్మాడు.

ఒక సరదా సంగతి కూడా ఉంది. 90లలో ఇది బ్రిటన్ వెళ్ళింది. అక్కడ అమ్మిన కంపెనీవాళ్ళు ఇంగ్లీషు డబ్బింగులో జపనీసులో లేని బూతులు ఎడాపెడా కలిపారు. పెద్దవాళ్ళ సర్టిఫికెట్ వస్తే కుర్రాళ్ళు ఎగబడి కొంటారని. సంగీతం కూడా మార్చేసి గిటార్లు మోగించారు. తమాషా ఏంటంటే, ఆ సంగీతం చాలా బాగుంది! కొందరు అభిమానులకి అదే కావాలి. కాని ఆ డబ్బింగులో బెంటెన్ నోరు విప్పితే బూతు. జపనీసులో బెంటెన్‌కి గొంతు ఇచ్చింది కనెటో షియోజావా. మెత్తగా, విసుగ్గా, ఎవరినీ లెక్కచెయ్యనట్టు మాట్లాడతాడు. పాత ఊరి దొంగ ఠీవి ఆ గొంతులో ఉంది. అందుకని ఇవాళ జపనీసులోనే వేస్తున్నాను, కింద సబ్‌టైటిల్స్ వస్తాయి. చదవడం కష్టమైనవాళ్ళు కొంచెం ముందుకి వచ్చి కూర్చోండి.

ప్రశ్నలు సినిమా అయ్యాక అడగండి. ఆ కిటికీ పరదా పూర్తిగా లాగండి అమ్మా, వెలుతురు పడుతోంది. రాత్రిపూట నగరాన్ని చూపించే చోట్లు గమనించండి. ఫోన్లు చూసుకోకండి. ఆ కిటికీల దీపాలు ఎన్నో ఒక్క వరసైనా లెక్కపెట్టడానికి ప్రయత్నించండి. ఒక్కో చిల్లూ ఎవరో ఒకరు చేత్తో పొడిచిందే. అట్ట ఎవరి దగ్గరుంది? మీ దగ్గరేనా? ఉంచండి, అయ్యాక తీసుకుంటాను. లైట్లు ఆర్పండి.